క్రియేచర్ ఫ్రమ్ ద బ్లాక్ లగూన్ (1954): ఇప్పుడు చూస్తే భయం వేస్తుందా? ఏ కాపీ చూడాలి?

పాతరీలు:
జాక్ ఆర్నాల్డ్ తీసిన 79 నిమిషాల బ్లాక్ అండ్ వైట్ సినిమా. అమెజాన్ లోపల ఒక మడుగు, అందులో సగం చేప సగం మనిషి, దాన్ని పట్టుకోవడానికి పడవలో వెళ్ళిన శాస్త్రవేత్తలు. కథ ఇంతే.

నా దగ్గర రెండు కాపీలు ఉన్నాయి. ఎరుపు-నీలం కళ్ళద్దాలతో చూసే త్రీడీ కాపీ పావుగంటకే తలనొప్పి తెప్పిస్తోంది. ప్రతి అంచు పక్కనా నీడలా రెండో బొమ్మ కనిపిస్తోంది. రెండోది మామూలు కాపీ, పాత టీవీలా చతురస్రపు ఫ్రేములో ఉంది. అందులో నీళ్ళ అడుగు సీన్లు కట్టిపడేశాయి గానీ, పడవ మీద వాదనలు మాత్రం సాగుతూనే ఉన్నాయి. పైగా ఆ జీవి చేయి కనిపించినప్పుడల్లా బాకాలు మోగడంతో భయం బదులు నవ్వొస్తోంది.

దీన్ని అంత గొప్ప సినిమా అని ఎందుకంటారు? అసలు ఏ రూపంలో చూడాలి? రబ్బరు సూటు సంగతి కూడా తెలిసినవాళ్ళు చెప్పండి.

రెండుకళ్ళు:
తలనొప్పి తప్పు సినిమాది కాదండీ, ఆ కాపీది. 1954లో ఈ సినిమాని ఎరుపు-నీలం అద్దాలతో చూపించలేదు. అప్పటి హాలీవుడ్ త్రీడీ అంతా పోలరైజ్డ్ పద్ధతి. ఎడమ కంటికి ఒక రీలు, కుడి కంటికి ఒక రీలు, రెండు ప్రొజెక్టర్లు జతగా తిరుగుతాయి, వెండి పూత ఉన్న తెర మీద బొమ్మ పడుతుంది, ప్రేక్షకుడికి లేత బూడిద రంగు కళ్ళద్దాలు. ఎరుపు-నీలం ప్రింట్లు 1970లలో మళ్ళీ విడుదల చేసినప్పుడు వచ్చాయి. ఒకే ప్రొజెక్టరుతో ఏ థియేటర్లోనైనా వేయొచ్చు కాబట్టి చౌక. "యాభైల త్రీడీ అంటే ఎరుపు-నీలం" అనే అపోహకి ఇలాంటి ప్రింట్లే కారణం.

మీకు కనిపించే రెండో బొమ్మకి కారణాలు రెండు. మొదటిది, అద్దంలోని ఎరుపూ మీ తెర ఇచ్చే ఎరుపూ ఒకటి కావు. కాబట్టి కుడి కంటి బొమ్మ కొంత ఎడమ కంటికి లీకవుతుంది. రెండోది ఎక్కువమంది పట్టించుకోరు. మామూలు వీడియో ఫైళ్ళలో రంగు సమాచారాన్ని వెలుగు సమాచారంలో నాలుగో వంతు స్పష్టతకి కుదిస్తారు. మామూలు సినిమాకి అది కంటికి ఆనదు. కానీ ఎరుపు-నీలం కాపీలో రెండు కళ్ళనీ విడదీసేది ఆ రంగే కదా! అది కుదించుకుపోతే అంచులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఎంత మంచి అద్దాలు కొన్నా ఇది బాగుపడదు.

2012లో బ్లూరే త్రీడీ వచ్చింది. చూస్తే అదే చూడాలి. ఒక్కో కంటికి పూర్తి 1920 × 1080 బొమ్మ ఉంటుంది. పక్కపక్కన సగం-సగం పెట్టే ఫైళ్ళలో ఒక్కో కంటికి అడ్డంగా 960 పిక్సెళ్ళే మిగులుతాయి. నీళ్ళలో తేలే నాచు పోగులూ బుడగలూ లాంటి సన్నని వస్తువులు అందులో ముద్దయిపోతాయి. ఈ సినిమాలో లోతంతా తెలిసేది ఆ సన్నని వస్తువుల వల్లే.

చిక్కల్లా త్రీడీ టీవీలతోనే. 2017 నాటికి పెద్ద కంపెనీలన్నీ వాటిని మానేశాయి. ఇప్పుడైతే త్రీడీ పనిచేసే ప్రొజెక్టరో, వీఆర్ హెడ్‌సెట్టో దిక్కు. అవి లేకపోతే ఎరుపు-నీలం జోలికి పోకండి, మంచి ఫ్లాట్ (అంటే త్రీడీ కాని మామూలు) కాపీయే మేలు. ఆ రోజుల్లో కూడా చాలా థియేటర్లు దీన్ని ఫ్లాట్‌గానే వేశాయి. 1952 చివర్లో మొదలైన త్రీడీ మోజు ఈ సినిమా వచ్చేనాటికే చల్లబడుతోంది.

నైట్ షో:
రెండుకళ్ళు గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతా. అప్పటి ప్రొజెక్షన్ గదిలో పరిస్థితి తెలిస్తే ఆ మోజు ఎందుకు చల్లారిందో అర్థమవుతుంది.

35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. 79 నిమిషాలంటే 7,110 అడుగులు. మామూలుగా ఒక ప్రొజెక్టరులో రీలు అయిపోతుంటే రెండోది అందుకుంటుంది. త్రీడీలో రెండు ప్రొజెక్టర్లూ ఒకేసారి పనిలో ఉంటాయి కాబట్టి ఆ వెసులుబాటు లేదు. పెద్ద రీళ్ళు పెట్టినా గంటకి మించి రాదు. అందుకే ఇంత చిన్న సినిమాకి కూడా మధ్యలో విరామం ఇవ్వక తప్పలేదు.

అసలు గండం ఫిల్ము తెగినప్పుడు. ఎడమ ప్రింటు తెగి నాలుగు ఫ్రేములు పాడైతే, వాటిని కత్తిరించి అతికిస్తే సరిపోదు. ఆ చోట సరిగ్గా నాలుగు ఫ్రేముల నల్ల ఫిల్ము అతికించాలి, లేదా కుడి ప్రింటులోంచి కూడా అవే నాలుగు ఫ్రేములు తీసేయాలి. మర్చిపోతే అక్కడి నుంచి రీలు చివరిదాకా ఒక కన్ను వెనకా ఒక కన్ను ముందూ. కదలని సీన్లో తెలియదు, ఎవరైనా చేయి ఊపగానే కళ్ళు లాగేస్తాయి. జనం త్రీడీని తిట్టుకుంటూ బయటికి పోయేవారంటే పోరా మరి.

చతురస్రపు కాపీ గురించి: తీసింది పూర్తి ఫ్రేములోనే, చూపించడానికి ఉద్దేశించింది మాత్రం 1.85:1 వెడల్పులో. మీ కాపీలో మనుషుల తలల మీద బోలెడంత ఖాళీ కనిపిస్తోందా? అది థియేటర్లో కప్పేయాల్సిన భాగం. పైనా కిందా కప్పేస్తే పడవ సీన్లు కొంత బిగుస్తాయి. మీకు సాగదీతలా అనిపించినదాంట్లో ఈ ఖాళీ వాటా కూడా ఉంది.

అయినా పడవ మీద సగం మాటలు తీసేసినా నష్టం లేదన్నది నా మాట కూడా. జీవిని పట్టి బతికించాలా, చంపి తీసుకెళ్ళాలా అన్న తగువు ఒకసారి చాలు. మూడుసార్లు పెట్టారు.

తోలుబొమ్మ:
సూటు గురించి అడిగారు కదా, నాకు సినిమా మొత్తంలో నచ్చేది అదే.

ముందుగా పేరు సంగతి. రూపం గీసింది మిలిసెంట్ పాట్రిక్, అంతకుముందు డిస్నీలో పనిచేసిన చిత్రకారిణి. తలా చేతులూ మలిచింది క్రిస్ ముల్లర్, ఒంటి సూటు తయారుచేసింది జాక్ కెవన్. తెర మీద పేరు పడింది మాత్రం మేకప్ విభాగాధిపతి బడ్ వెస్ట్‌మోర్‌ది. ప్రచారానికి స్టూడియో ఆమెను ఊరూరా తిప్పితే వెస్ట్‌మోర్‌కి గిట్టలేదు, తర్వాత ఆమెకు పని ఇవ్వలేదు. పాత సమీక్షల్లో "వెస్ట్‌మోర్ సృష్టి" అని కనిపిస్తే నమ్మకండి.

జీవి ఒకటే, లోపల మనుషులు ఇద్దరు. నేల మీద బెన్ చాప్‌మన్, ఆరడుగుల ఐదంగుళాల మనిషి. నీళ్ళలో రికూ బ్రౌనింగ్. ఇద్దరికీ వేరువేరు సూట్లు. నేల మీది సీన్లు కాలిఫోర్నియాలో స్టూడియో ఆవరణలో, నీటి అడుగు సీన్లు ఫ్లోరిడాలోని వకుల్లా స్ప్రింగ్స్‌లో తీశారు. నీటి అడుగు భాగాన్ని నడిపించింది జేమ్స్ హేవెన్స్, ఆర్నాల్డ్ కాదు. ఈసారి చూసేటప్పుడు గమనించండి: గట్టు మీద జీవి బరువుగా, మోకాళ్ళు బిగుసుకుని నడుస్తుంది. నీళ్ళలో అదే జీవి పాములా జారిపోతుంది. నటుడు మారడం వల్ల వచ్చిన ఈ తేడా కథకి కలిసొచ్చింది. దాని ఇల్లు నీళ్ళే అని ఒక్క మాట చెప్పకుండా తెలిసిపోతుంది.

బ్రౌనింగ్ పని ఎంత కష్టమో చూడండి. మొప్పలున్న జీవి నోట్లోంచి బుడగలు రాకూడదు, అందుకని సూటులో ఆక్సిజన్ సిలిండర్ పెట్టలేదు. షాట్ల మధ్యలో కెమెరాకి కనిపించని చోట ఉన్న గాలి గొట్టం నోట్లో పెట్టుకుని నాలుగు ఊపిర్లు తీసుకోవడం, వదిలేయడం, మళ్ళీ ఈదడం. నాలుగు నిమిషాల దాకా ఊపిరి బిగబట్టేవాడంటారు. ఫోమ్ రబ్బరు నీళ్ళలో తేలుతుంది కాబట్టి లోపల సీసం బరువులు కట్టుకోవాలి. ఇన్ని చేసినా అక్కడక్కడా తలపై నుంచి సన్నగా బుడగలు లేస్తాయి. అది ఊపిరి కాదు, రబ్బరు సందుల్లో ఇరుక్కున్న గాలి.

నేల మీది సూటుకి వేరే బాధ. ఒంటి వేడి బయటికి పోయే దారి లేదు, అందుకే చాప్‌మన్ షాట్ల మధ్యలో అక్కడి చెరువులోనే కూర్చునేవాడు. కళ్ళ దగ్గర చూపు సరిగా ఆనదు. గుహ సీన్లో కథానాయిక జూలీ ఆడమ్స్‌ని ఎత్తుకుని నడుస్తూ ఆమె తలని రాతికి గీకేశాడు. దగ్గరి షాట్లలో మొప్పలు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి చూడండి, బయటి నుంచి గాలి పంపి కదిలించేవారు. ఆ చిన్న కదలిక లేకపోతే అది ఉత్త ముసుగే.

భయం వేస్తుందా అంటే, నా లెక్కలో ఒకే ఒక్క చోట. ఆమె పైన ఈదుతుంటే జీవి కింద వెల్లకిలా ఆమెతో సమానంగా ఈదే సీను. (నీళ్ళ లోపలి షాట్లలో ఆడమ్స్ బదులు ఈదింది జింజర్ స్టాన్లీ.) మీద పడదు, గీరదు. ఆమె కాలిదాకా చేయి చాపి వెనక్కి తీసుకుంటుంది. ఆ వెనక్కి తీసుకోవడమే భయం. త్రీడీలో చూస్తే ఇద్దరి మధ్య నీళ్ళు ఎంత మందం ఉన్నాయో, అది ఎలా తరిగిపోతోందో కంటికి తెలుస్తుంది. ఫ్లాట్‌లో అది అందమైన ఈత మాత్రమే.

మూడుస్వరాలు:
బాకాల మీద నవ్వుకున్నారు కాబట్టి ఇది. ఆ మూడు స్వరాల ముక్క కట్టింది హెర్మన్ స్టైన్. సంగీతం మొత్తం ఒకరిది కాదు. స్టైన్, హాన్స్ సాల్టర్, హెన్రీ మాన్సినీ తలా కొన్ని సీన్లు పంచుకున్నారు, తెర మీద ముగ్గురి పేర్లూ లేవు. స్టూడియో సంగీత విభాగం నడిచే తీరు అలా ఉండేది. చేయి కనిపిస్తే బాకా అన్న నియమాన్ని యంత్రంలా పాటించారు, అక్కడ మీతో ఏకీభవిస్తా. కానీ నీటి అడుగు ఈత సీన్లో బాకాల జోరు తగ్గి తీగ వాద్యాలు ముందుకొచ్చే చోట కళ్ళు మూసుకుని ఒకసారి వినండి. వేరే సినిమాలా ఉంటుంది.

శిలాజం:
సైన్స్ వైపు నుంచి కొంచెం. సినిమాలో దొరికే శిలాజపు చేయి డెవోనియన్ యుగానిది అంటారు. అది సుమారు 41.9 కోట్ల నుంచి 35.9 కోట్ల ఏళ్ళ కిందటి కాలం. చేపల నుంచి నాలుగు కాళ్ళ జంతువులు విడిపడిన కాలం అదే, కాబట్టి యుగం ఎంపిక భలే కుదిరింది. తప్పు వేళ్ళలో ఉంది. ఆ చేతికి ఐదు వేళ్ళు. డెవోనియన్ జంతువు అకాంథోస్టెగా ముందు కాలికి ఎనిమిది వేళ్ళని తేలింది, ఆ సంగతి 1990లో ప్రచురించారు. 1954 వాళ్ళని తప్పు పట్టలేం, అప్పట్లో ఐదే ఆదిమ సంఖ్య అనుకునేవారు.

జీవిని మత్తుగా చేయడానికి నీళ్ళలో కలిపే రొటెనోన్ కల్పితం కాదు. దక్షిణ అమెరికాలో కొన్ని తీగల వేళ్ళను దంచి నీళ్ళలో కలిపి చేపలు పట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. ఆ వేళ్ళలోని మందే ఇది. మొప్పల ద్వారా త్వరగా రక్తంలోకి పోయి, కణాలు ఆక్సిజన్‌ని వాడుకోకుండా అడ్డుకుంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఉన్నా చేపకి అది పనికిరాదు, అందుకే పైకి తేలుతుంది. చెరువుల్లో వాడే మోతాదు శుద్ధమైన మందు లెక్కన వంద కోట్ల భాగాల నీటికి 25 నుంచి 200 భాగాలు, అంతే. సినిమాలో చేపలు తేలడం సరైనదే. మొప్పలతో పాటు గాలి కూడా పీల్చగల జీవి మత్తెక్కి మళ్ళీ తేరుకోవడం కూడా నమ్మేలానే ఉంది.

నమ్మలేనిది నీళ్ళ స్వచ్ఛత. అమెజాన్ నల్లనీళ్ళ మడుగులో కుళ్ళిన ఆకుల నుంచి దిగిన రంగు వల్ల నీళ్ళు చిక్కని టీలా ఉంటాయి, కొంచెం దూరం కూడా కనిపించదు. వకుల్లా సున్నపురాతి ఊట కాబట్టి అద్దంలా ఉంది. పైగా కుళ్ళిన ఆకుల పదార్థం రొటెనోన్‌ని పట్టేసుకుంటుంది, నిజమైన నల్ల మడుగులో మోతాదు పెంచాల్సి వచ్చేది. అయితే నీళ్ళు నిజంగా నల్లగా ఉంటే సినిమాయే లేదు కదా!

పాతరీలు:
ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ థాంక్స్. ప్రొజెక్టరు, బ్లూరే త్రీడీ డిస్కు రెండూ కుదిరేలా ఉన్నాయి. సెట్టింగుల్లో ఏమైనా చూసుకోవాలా? దీని తర్వాతి భాగాలు చూడొచ్చా?

రెండుకళ్ళు:
మోషన్ స్మూతింగ్ ఆపేయండి. అది లేని ఫ్రేములు కల్పిస్తుంది. బుడగల దగ్గర రెండు కళ్ళకీ వేరువేరుగా కల్పిస్తే లోతు చెదిరిపోతుంది. ఒక్కో కన్నునీ వంతులవారీగా మూసే షట్టర్ కళ్ళద్దాలతో వెలుగు బాగా తగ్గుతుంది కాబట్టి గది పూర్తిగా చీకటి చేసి, ల్యాంపుని ఎక్కువ వెలుగులో పెట్టండి. తెర మరీ చిన్నదైతే లోతు పలచబడుతుంది. మరీ పెద్దది చేస్తే దూరపు వస్తువుల రెండు బొమ్మల మధ్య ఎడం మన కళ్ళ మధ్య దూరాన్ని, అంటే సుమారు 65 మిల్లీమీటర్లని దాటిపోయి కళ్ళు బయటికి విచ్చుకోవాల్సి వస్తుంది. మళ్ళీ తలనొప్పి. కళ్ళద్దాలు తీసి, వెనకాల చెట్లున్న ఫ్రేము దగ్గర ఆపి, తెర మీద స్కేలు పెట్టి కొలిచి చూసుకోవచ్చు.

రెండో భాగం 1955ది, అదీ త్రీడీయే. అందులో ల్యాబ్ కోటులో కాసేపు కనిపించే కుర్రాడు క్లింట్ ఈస్ట్‌వుడ్. మూడోది 1956ది, ఫ్లాట్. మొప్పలు కాలిపోయి జీవి ఊపిరితిత్తులతో బతకాల్సి వస్తుంది. ఆలోచన మంచిదే, నీళ్ళు మాత్రం తక్కువ.

ఇంకొకటి, మొదలుపెట్టే ముందు ఎడమ-కుడి తారుమారు కాలేదు కదా చూసుకోండి. గట్టులోంచి పొడుచుకొచ్చిన శిలాజపు చేయి దగ్గర ఆపండి. చేయి మీ వైపు రావాలి. మట్టి ముందుకొచ్చి చేయి దాని వెనక గుంటలో ఉన్నట్టు కనిపిస్తే తిరగబడిందని అర్థం. మెనూలో 3డి రివర్స్ నొక్కితే సరిపోతుంది.