కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టాక పిల్లలతో సైగలు మానేయాలా?

బాబు నాన్న

మా బాబుకు పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. పదిహేనో నెలలో, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా మార్చి వినికిడి నరానికి అందించే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ జరిగింది, మరో మూడు వారాలకు దాన్ని స్విచ్ ఆన్ చేశారు. అప్పటి నుంచి అయిదు నెలలు గడిచాయి. తలుపు గట్టిగా కొడితే వెనుదిరిగి చూస్తాడు కానీ పేరు పెట్టి పిలిస్తే చూడడు. ఆపరేషన్‌కు ముందు మేము నేర్చుకున్న ముప్పై నలభై సైగలతో 'ఇంకా కావాలి', 'అయిపోయింది', 'ఎత్తుకో' అని చెప్పడం వాడికి అలవాటు. సైగతో పని జరిగిపోతుంటే చెవితో పని ఏముంటుంది, కాబట్టి వాటిని పూర్తిగా ఆపేయమని థెరపిస్ట్ అంటున్నారు. అందుకు నా భార్యకు మనసొప్పడం లేదు. ఇప్పుడు మేము ఏం చేయాలి?

వాక్కు

ఇరవై ఏళ్లుగా ఈ పిల్లలతో పనిచేస్తున్న స్పీచ్ థెరపిస్టుగా చెబుతున్నాను, మీ థెరపిస్ట్ మాటలో పస ఉంది. ఇంప్లాంట్ కళ్లద్దం లాంటిది కాదు, పెట్టుకోగానే అంతా స్పష్టం కాదు. లోపలి చెవిలో మామూలుగా సుమారు 3,500 లోపలి వరుస రోమకణాలు (శబ్దాన్ని పసిగట్టే కణాలు) చేసే పనిని, తయారీని బట్టి 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు, అంటే నరానికి విద్యుత్ అందించే చిన్న బిందువులు, చేయాలి. మాటలోని హెచ్చు తగ్గు స్వరాలన్నిటినీ నాలుగే పట్టీల శబ్దంగా కుదించి వినిపించినా పెద్దవాళ్లు చాలావరకు అర్థం చేసుకోగలరని 1995లో షానన్ అనే పరిశోధకుడి బృందం చూపింది. కానీ వాళ్లకు భాష ముందే వచ్చు, తగ్గినదాన్ని ఊహతో పూరించుకుంటారు. మీ బాబు ఆ అరకొర శబ్దంలోంచే భాషను కొత్తగా కట్టుకోవాలి.

అందులోనూ అన్ని తేడాలూ ఒకేలా అందవు. 'కల', 'కాల' మధ్య ఉన్నది నిడివి తేడా, అది ఇంప్లాంట్ ద్వారా బాగానే చేరుతుంది. 'కల', 'కళ' మధ్య ఉన్నది నాలుక తాకే చోటులో తేడా, దాన్ని పట్టుకోవడానికి ఎన్నో వేల సార్లు వినాలి. పైగా గడువు కూడా ఉంది. మూడున్నరేళ్ల లోపు ఇంప్లాంట్ పెట్టిన పిల్లల్లో శబ్దానికి మెదడు ప్రతిస్పందించే వేగం కొన్ని నెలల్లోనే వయసుకు తగిన స్థాయికి వస్తుందనీ, ఏడేళ్లు దాటాక పెట్టినవారిలో చాలామందికి రాదనీ అను శర్మ పరిశోధన బృందం 2002లో నివేదించింది. 2017లో గియర్స్ పరిశోధన బృందం ఇంప్లాంట్ ఉన్న 97 మంది పిల్లలను పోల్చి చూసినప్పుడు, సైగలు లేకుండా పెరిగినవారే మాటలో ముందున్నారు. ఉన్న సమయాన్ని చెవికి ఇవ్వమనడం క్రూరత్వం కాదు.

మౌనభాషి

నేను చెవిటివాణ్ణి, ఇంప్లాంట్ ఉంది, సైగల భాష, మాట రెండూ వాడతాను. 2017 నాటి ఆ అధ్యయనాన్ని తీర్పులా చూపడం నాకు అభ్యంతరం. పూర్తి సైగల భాష మాట్లాడే ఇళ్లనూ, మాటతోపాటు కొన్ని సైగలు కలిపే ఇళ్లనూ అందులో విడదీయలేదని అప్పుడే విమర్శ వచ్చింది. మాట రానందువల్ల సైగలు కొనసాగించారా, సైగలు కొనసాగించినందువల్ల మాట రాలేదా అన్న ప్రశ్న కూడా ఉంది. 2014లో డేవిడ్‌సన్ బృందం చూసిన పిల్లల తల్లిదండ్రులు చెవిటివారు. ఆ పిల్లలు ఇంట్లో సైగల భాషతోనే పెరిగారు, ఇంప్లాంట్ తర్వాత మాటలో, రెండు భాషలు తెలిసిన వినగలిగే పిల్లలతో సమానంగా నిలిచారు.

ఇంకొకటి, ఇంప్లాంట్‌కు శబ్దం అందించే బయటి పరికరం, ప్రాసెసర్, తీసిన ప్రతిసారీ, అంటే స్నానంలో, నిద్రలో, బ్యాటరీ అయిపోయినప్పుడు, మీ బాబుకు పూర్తి నిశ్శబ్దమే. అప్పుడు 'భయపడకు' అని ఏ భాషలో చెబుతారు?

వాక్కు

స్నానాల గది సంగతి ఒప్పుకుంటున్నాను, అక్కడ సైగ మానమని నేనూ చెప్పను. కానీ 2014 నాటి ఆ అధ్యయనంలో ఉన్నది అయిదుగురు పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులకు సైగల భాష మాతృభాష. పుట్టు చెవిటి పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా వినగలిగే తల్లిదండ్రులకు పుట్టినవారే. ముప్పై నలభై సైగలు భాష కావు, పదాల సంచి మాత్రమే. సైగల భాష నేర్పదలచుకుంటే ముందు మీరు పూర్తిగా నేర్చుకోండి. అది చేయలేకపోతే ఆ సంచి ఒక్కటీ బిడ్డకు చాలదు.

ముందు నడిచిన తల్లి

మా అమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్లు. ఈ వాదన మేమూ చేసి అలసిపోయాం, అందుకే మేము చేసిన పని ఒక్కటే చెబుతాను. మేము సైగలు ఆపలేదు, వరుస మార్చాం. ముందు మాట, ఆ తర్వాత నాలుగైదు క్షణాల నిరీక్షణ, అప్పటికీ స్పందించకపోతే సైగ, మళ్లీ అదే మాట. ఆ నిరీక్షణే అన్నిటికన్నా కష్టం, చేయి దానంతటదే లేస్తుంది. ఎదురుగా కాకుండా పక్కన కూర్చునేవాళ్లం, పెదవులు చూసి ఊహించకుండా. మొదటి నెలల్లో ఆమెకు శబ్దం ఉందా లేదా అన్నంతే తెలిసేది, తర్వాత రెండు శబ్దాలు వేరని, ఆ తర్వాత ఇది ఫలానాదని, చివరికి అర్థం. పేరుకు తిరగడం అనేది మీరు అనుకున్నంత మొదటి మెట్టు కాదు. తలుపు చప్పుడును పిల్లలు నేల అదురుతో కూడా గమనిస్తారు, కాబట్టి దాన్ని వినికిడి లెక్కలో వేయకండి. రోజూ పొద్దున 'ఆ, ఊ, ఈ, ష్, స్, మ్' అనే లింగ్ శబ్దాలు ఆరూ (మాటలోని హెచ్చు తగ్గు స్వరాలు వినపడుతున్నాయో లేదో చూసేవి) వెనక నుంచి పలికి చూడండి.

ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడుగుతాను. ప్రాసెసర్ వాడి తల మీద రోజుకు ఎన్ని గంటలు ఉంటోంది? ఆ లెక్క పరికరంలోనే నమోదై ఉంటుంది, ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) చూపగలరు.

బాబు నాన్న

నిన్న వెళ్లి చూపించుకున్నాం. సగటున రోజుకు నాలుగున్నర గంటలట. మెలకువగా ఉండేది పదకొండు గంటలైతే, మిగతా సమయమంతా వాడికి ఏమీ వినపడనప్పుడు, సైగల గురించి మేము పెట్టుకున్న వాదనకు అర్థం లేదు. ప్రాసెసర్ నుంచి వచ్చి తలకు అయస్కాంతంతో అంటుకునే కాయిల్‌ను లాగి పారేయడం అల్లరి అనుకున్నాం. కొన్ని ఎలక్ట్రోడ్లలో విద్యుత్ పై స్థాయి ఎక్కువగా పెట్టి ఉందనీ, పెద్ద శబ్దాలు వాడిని ఇబ్బంది పెడుతూ ఉండవచ్చనీ చెప్పి, మ్యాపింగ్‌లో, అంటే పరికరం స్థాయిలను సరిచేసేటప్పుడు, దాన్ని తగ్గించారు. సాయంత్రం నుంచి కాయిల్ రెండుసార్లే తీశాడు. 'ష్' వెనక నుంచి పలికితే స్పందన లేదు, 'మ్' అన్నప్పుడు చేతిలోని బొమ్మ ఆపి ఒక్క క్షణం కదలకుండా ఉన్నాడు. సైగలు ప్రస్తుతానికి ఆపడం లేదు, ముందు నడిచిన తల్లి చెప్పిన వరుసలో చేస్తున్నాం. నా చేయి మాత్రం ఇంకా ముందే లేస్తోంది.