స్టార్టప్‌లో ‘ప్రోగ్రామ్’ అనే ఎంట్రీ: డిలీట్ చేసినా మళ్లీ వస్తోంది, ఎవరు రాస్తున్నట్టు?

విండోస్ 11. టాస్క్ మేనేజర్ స్టార్టప్ యాప్స్‌లో ఐకాన్, పబ్లిషర్ లేకుండా ఉత్త ‘ప్రోగ్రామ్’ అని ఒక ఎంట్రీ ఉంది. కాలమ్ హెడర్ మీద రైట్ క్లిక్ చేసి ‘కమాండ్ లైన్’కి టిక్ పెడితే, ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఓ అప్‌డేటర్ పాత్ కనిపించింది. ఆ ఫోల్డరే ఇప్పుడు లేదు. పాత్ చుట్టూ కొటేషన్ మార్కులు లేక మొదటి స్పేస్ దగ్గరే తెగి పేరు అలా పడుతోంది, కాబట్టి వైరస్ అనుకోవట్లేదు. ఆటోమేటిక్‌గా మొదలయ్యేవన్నీ చూపే మైక్రోసాఫ్ట్ టూల్ ఆటోరన్స్‌లోనూ పసుపు రంగులో ‘ఫైల్ నాట్ ఫౌండ్’ అనే ఉంది.

విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో కీని బ్యాకప్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకుని, హెచ్‌కేఎల్‌ఎం (మొత్తం కంప్యూటర్‌కి వర్తించే భాగం) కింద వావ్6432నోడ్ (32-బిట్ ప్రోగ్రాముల విభాగం)లోని రన్ కీ (లాగాన్‌లో మొదలయ్యేవాటి జాబితా) నుంచి ఆ వాల్యూ తీసేశాను. రీస్టార్ట్ చేయగానే మళ్లీ ప్రత్యక్షం! డిసేబుల్ చేసి ఊరుకోవచ్చు గానీ, తిరిగి రాస్తున్నదేదో తేలాలి. టాస్క్ షెడ్యూలర్‌లో లాగాన్ ట్రిగ్గర్లు చూశాను, అనుమానించదగ్గది లేదు. ఏదైనా సర్వీసు పనా? ఏ ప్రాసెస్ ఏం చేస్తోందో రికార్డు చేసే ప్రాసెస్ మానిటర్‌లో బూట్ లాగింగ్ ఆన్ చేసి ‘రెగ్‌సెట్‌వాల్యూ’ (రిజిస్ట్రీలో వాల్యూ రాయడం) ఫిల్టర్ పెడితే దొరుకుతుందా?