పడకుండానే ఎముక విరగడం ఏంటి? అవల్షన్ ఫ్రాక్చర్ అంటున్నారు

చిన్నోడి_నాన్న:
మావాడికి 14 ఏళ్ళు. మొన్న 100 మీటర్లు ప్రాక్టీస్‌లో స్టార్ట్ తీసుకుని నాలుగడుగులు వేశాడో లేదో తుంటి ముందువైపు టప్‌మని సౌండ్ వచ్చిందంట, అక్కడే కూలబడ్డాడు. కింద పడలేదు, ఎవరూ గుద్దలేదు. కండరం పట్టేసిందేమోలే అని నూనె రాసి గట్టిగా తోమాం, రాత్రికి కాలే లేవట్లేదు, ప్యాంటు వేసుకోవాలంటే రెండు చేతుల్తో తొడ పట్టుకుని ఎత్తుకుంటున్నాడు పాపం. ఎక్స్‌రేలో గోరు కత్తిరిస్తే వచ్చే ముక్కలాంటిది కొంచెం పక్కకి జరిగి కనిపించింది. ఆపరేషన్ అక్కర్లేదు, చంకకర్రలు చాలు అన్నారు డాక్టరు గారు. విరిగిన ఎముకని అలా వదిలేస్తే అతుక్కుంటుందా? అసలు పడకుండా ఎలా విరిగింది?

ఫిజియో_అక్క:
అన్నయ్యా, నేను ఫిజియోని, ఇలాంటి పిల్లల్ని చూస్తూనే ఉంటాను. ఈ వయసులో కండరం ఎముకకి అతుక్కునే చోట ఇంకా గట్టిపడని గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తటి పొర) ఉంటుంది, కండరమేమో ఈలోపే బలంగా తయారైపోతుంది. స్టార్ట్‌లో ఒక్కసారిగా లాగేసరికి టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడులాంటిది) తెగదు, అది పట్టుకున్న ఎముక ముక్కే ఊడొస్తుంది, దీన్నే అవల్షన్ అంటారు. అదే పెద్దవాళ్ళకైతే ఎక్కువగా కండరమే చిరిగేది. నడుం పక్కన ముందుకి చేతికి తగిలే ఎముక మొన ఉంటుంది చూడండి, మీవాడిది అక్కడే అయ్యుంటుంది. బంతిని గట్టిగా తన్నేవాళ్ళకి దానికి కాస్త కింద, హర్డిల్స్ దూకేవాళ్ళకి పిరుదు కింద కూర్చునే ఎముక దగ్గర ఊడుతుంది.
ముక్క కొద్దిగానే జరిగితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. సుమారు 2 సెంటీమీటర్లు దాటి జరిగినప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు, అదీ కూర్చునే ఎముక దగ్గరైతే ఇంకా జాగ్రత్తగా చూస్తారు. ఎక్స్‌రేలో తేలకపోతే రెండో వైపు కూడా తీసి పోల్చుకుంటారు, లేదా ఎమ్మారై. మాలిష్ మాత్రం ఇక వద్దు, స్ట్రెచింగ్ కూడా ఇప్పుడే వద్దు, ఊడిన ముక్కని మళ్ళీ లాగినట్టే అవుతుంది. పడుకున్నప్పుడు మోకాలి కింద దిండు పెట్టండి, తుంటి వంగి ఉంటే లాగుడు తగ్గుతుంది.

బెణుకు_అనుకున్నా:
నాది పాదం కేసు. మెట్టు తప్పి పాదం లోపలికి మడతపడింది, బెణుకేగా అని వారం కుంటుకుంటూ తిరిగా. పాదం బయటి అంచున సగం దూరంలో ఒక ఉబ్బు తగుల్తుంది కదా, అక్కడ వేలు పెడితే ప్రాణం పోయేది. చివరికి అది అవల్షన్ అని తేలింది. పాదం కదలకుండా పట్టే గట్టి బూటు వేసుకుని నడవమన్నారు, ఆరు వారాలకి మామూలైపోయా. తర్వాత తెలిసింది, చీలమండ మడతపడ్డాక ఎక్స్‌రే కావాలా వద్దా తేల్చడానికి ఒట్టావా రూల్స్ అని ఉన్నాయంట, సరిగ్గా ఆ ఉబ్బు మీద నొప్పి ఉండటం, నాలుగడుగులు వేయలేకపోవడం రెండూ అందులో ఉన్నాయి. ఒక్కసారి నొక్కి చూస్తే పోయేదానికి వారం పాడుచేసుకున్నా.

వంగిన_వేలు:
నాకు బంతి వేలి కొసకి తగిలి పై కణుపు వంగిపోయింది, ఎముక ముక్క ఊడింది. 6 వారాలు స్ప్లింట్ (వేలు వంగకుండా పట్టే కట్టు), స్నానంలో కూడా తీయకూడదు. నాలుగో వారంలో కడుక్కుందామని తీశా, వేలు కొస టక్కున వాలిపోయింది, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.

చిన్నోడి_నాన్న:
అక్కా చాలా థాంక్స్. వీడేమో వారానికే నొప్పి లేదు, మళ్ళీ పరిగెడతా అని ఒకటే గోల, ఎప్పుడు పంపొచ్చు?

ఫిజియో_అక్క:
అక్కడే అందరూ బోల్తా పడేది. నొప్పి ముందే పోతుంది, ఎముక అతకడం తర్వాత. కర్రలు వదలడానికి దాదాపు 3, 4 వారాలు, పూర్తి స్పీడు పరుగుకి 2, 3 నెలలు అనుకోండి, అదీ ఎక్స్‌రే చూసి మీ డాక్టరు సరే అన్నాకే. నడక, మెట్లు, మెల్లగా జాగింగ్, స్టార్ట్‌లు అన్నిటికంటే చివర.
ఇంకొకటి, ఇది చదివే పెద్దవాళ్ళకి. ఏ దెబ్బా లేకుండా తొడ లోపలివైపు పైభాగంలో ఇలా ముక్క ఊడిందంటే అది ఆటల గాయం అనుకుని ఊరుకోవద్దు, ఎముకకి క్యాన్సర్ పాకిందేమో కూడా డాక్టర్లు చూడాలి.

చిన్నోడి_నాన్న:
సరే అక్కా. నూనె సీసా అటక మీద పెట్టేశా, షూస్ కూడా పక్కనే.