జెనాన్ హెడ్‌లైట్ బల్బు: 4300కె తీసుకోవాలా, 6000కె తీసుకోవాలా?

రాత్రిబండి:
అన్నలూ, బండి 2012 మోడల్ సెడాన్, సెకండ్ హ్యాండ్. కంపెనీ నుంచి వచ్చిన ప్రొజెక్టర్ (ముందు గుండ్రటి లెన్స్ ఉండేవి) జెనాన్ లైట్లే, అంటే ఫిలమెంటు లేకుండా గ్యాస్‌తో వెలిగేవి. ఎడమది వంగపండు రంగుకి తిరిగింది, వేసిన పది నిమిషాలకి ఆరిపోతోంది. స్విచ్ ఆపి వేస్తే మళ్లీ వెలుగుతుంది. షాపులో 6000కె, 8000కె చూపించి "కె ఎంత ఎక్కువైతే అంత వెలుగు" అంటున్నారు. బల్బు రకం డీ1ఎస్ అనుకుంటున్నా, నెట్‌లో కొన్నిచోట్ల డీ3ఎస్ అని ఉంది. ఏది కొనాలి? ఒక్కటి మారిస్తే సరిపోతుందా? విశాఖ–అరకు ఘాట్‌లో తిరగడం ఎక్కువ, వాన, మంచు రెండూ ఉంటాయి.

పదమూడో నంబర్ పానా:
నెట్‌ని నమ్మొద్దు. బల్బు తీసి దాని అడుగున రాసిన కోడ్ చదవండి, అదే ప్రమాణం. డీ1, డీ2 బల్బుల్లో పాదరసం ఉంటుంది, 85 వోల్టుల దగ్గర నడుస్తాయి. డీ3, డీ4ల్లో పాదరసం లేదు, 42 వోల్టులు. వాట్లు అన్నిటికీ 35యే కాబట్టి డీ1ఎస్ సుమారు 0.4 ఆంపియర్లు లాగితే డీ3ఎస్ 0.8 లాగుతుంది. ట్యూబ్‌లైట్‌కి చోక్ ఎలాగో దీనికి బలాస్ట్ అలాగ, ఒకదాని బలాస్ట్ ఇంకోదానికి పనికిరాదు. అందుకే అడుగున గాడులు వేరువేరుగా ఇస్తారు. గాడి చెక్కి కూర్చోబెట్టే మెకానిక్ దగ్గర బండి పెట్టొద్దు. చివర "ఎస్" అంటే ప్రొజెక్టర్‌కి, "ఆర్" అంటే రిఫ్లెక్టర్‌కి, అంటే లెన్స్ లేకుండా అద్దంలాంటి గిన్నెతో వెలుగు తిప్పే లైటుకి. ఆర్ బల్బు గాజు మీద నల్ల పట్టీ ఉంటుంది.

రంగు తిరగడం, కాసేపటికి ఆరిపోవడం రెండూ ముసలి బల్బు లక్షణాలే. వయసు పెరిగేకొద్దీ బల్బు అడిగే వోల్టేజి పెరుగుతుంది, అది హద్దు దాటాక బలాస్ట్ తనను తాను కాపాడుకోవడానికి కట్ చేస్తుంది. అయినా డబ్బు పెట్టే ముందు కుడి, ఎడమ బల్బులు అటుదిటు మార్చి చూడండి. జబ్బు బల్బుతోపాటు కుడికి వెళ్తే బల్బే. ఎడమలోనే ఉండిపోతే బలాస్ట్ గానీ కనెక్టర్ గానీ. వెనక మూత రబ్బరు ఎండి వాననీళ్లు దిగితే కనెక్టర్ పిన్నులకు పచ్చని చిలుం పడుతుంది, అదీ చూడండి.

తీసేటప్పుడు లైట్లు ఆపి, తాళం తీసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి పావుగంట ఆగండి. వెలిగించే క్షణంలో ఇక్కడ 20,000 వోల్టులకు పైనే పుడుతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, లోపల గ్యాస్ ఒత్తిడి ఎక్కువ. గాజుని వేలితో ముట్టొద్దు. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడవండి.

ఘాట్‌రోడ్డు:
షాపువాళ్లు చెప్పింది తప్పు. కె అంటే కెల్విన్, రంగు కొలత, వెలుగు కొలత కాదు. వెలుగుకి ల్యూమెన్లు చూడాలి. కంపెనీ డీ1ఎస్ 4300కె దగ్గరలో 3,200 ల్యూమెన్లు ఇస్తుంది. నీలం ఎక్కించేకొద్దీ ల్యూమెన్లు తగ్గుతాయి. 8000కె వేసి తడిసిన తారు రోడ్డు మీద చూస్తే గుంత అంచు కూడా కనబడదు, నీలి కాంతి మంచులో తెరలా నిలబడుతుంది. అరకు దారికి 4300కె, అంతే. తెల్లగా కావాలని పట్టుబడితే 5000కె దగ్గర ఆగండి.

మార్చేటప్పుడు జతే మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండు రంగుల వెలుగు కంటికి అలసట. జెనాన్ బల్బు ఆయుష్షు 2,000–3,000 గంటలు, రెండూ ఒకేసారి వేసినవే కదా. ఇంకో మాట, బాక్సు మీద 55 వాట్లు, 10,000 ల్యూమెన్లు అని ఉంటే అది నకిలీ సరుకే.

కొత్త డ్రైవర్:
మాది హ్యాలోజెన్ హెచ్4, మామూలు ఫిలమెంటు బల్బు. దాంట్లో హెచ్‌ఐడీ (జెనాన్) కిట్ వేయించుకోవచ్చా?

పదమూడో నంబర్ పానా:
వద్దు. హెచ్4 రిఫ్లెక్టర్ సన్నని ఫిలమెంటు ఎక్కడ ఉంటుందో లెక్కగట్టి చేసింది. జెనాన్ వెలుగు పుట్టే చోటు, దాని ఆకారం వేరు, వెలుగంతా ఎదురొచ్చేవాడి కళ్లలోకి చెదురుతుంది. పైగా మోటారు వాహనాల చట్టంలో 182ఎ కింద అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా ఉంది.

వెలుగు చాలట్లేదనుకుంటే, ముందు ఇంజిన్ నడుస్తుండగా బల్బు పిన్ను దగ్గర వోల్టేజి కొలవండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి బల్బు దగ్గర 12.4 ఉంటే, ఆ పది శాతం లోటుకే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. రెండు రిలేలు (బ్యాటరీ నుంచి బల్బుకి నేరుగా కరెంటు ఇచ్చే స్విచ్‌లు), 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, డిమ్‌కి ఒకటి బ్రైట్‌కి ఒకటి 15 ఆంపియర్ల ఫ్యూజు, మంచి ఎర్త్ వేయించండి. బల్బు మాత్రం 60/55 వాట్లదే ఉంచండి. 100/90 వేస్తే హోల్డర్ కరుగుతుంది.

రాత్రిబండి:
అటుదిటు మార్చి చూశాను, జబ్బు కుడికి వెళ్లింది. కోడ్ డీ1ఎస్సే. 4300కె జత ఆర్డర్ పెట్టాను. బిగించాక ఇంకేమైనా చూడాలా?

ఘాట్‌రోడ్డు:
వెలుగు ఎత్తు చూడండి. టైర్లలో గాలి సరిగ్గా పెట్టి, చదును నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో బండి నిలపండి. హెడ్‌లైట్ మీద 1 శాతం అని ముద్ర ఉంటే, గోడ మీద వెలుగు గీత లెన్స్ మధ్య ఎత్తు కంటే 10 సెం.మీ. కిందికి పడాలి. మీ బండికి ఆటో లెవెలింగ్ (బరువుని బట్టి వెలుగు ఎత్తు తనే సరిచేసుకునేది) ఉండే ఉంటుంది. వెనక సస్పెన్షన్ దగ్గర దాని సెన్సర్ కడ్డీ విరిగి ఉంటే గీత ఎంత సరిచేసినా నిలవదు, ముందు దాన్ని చూడండి.