అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌కి మార్కులు సీజన్ అంతా చూసి వెయ్యాలా, మార్చి (ఏటా ఆ నెలలో జరిగే జాతీయ నాకౌట్ టోర్నమెంట్) చూసి వెయ్యాలా?

మార్చి_పిచ్చి: పర్డ్యూ కోచ్ మాట్ పెయింటర్ ఎన్ని బిగ్ టెన్ (పర్డ్యూ ఆడే కాన్ఫరెన్స్, అంటే కాలేజీల లీగ్) టైటిళ్లు గెలిస్తే ఏం లాభం? 2023లో నంబర్ వన్ సీడ్‌గా (టోర్నమెంట్‌లో పై ర్యాంకు) వచ్చి, అట్టడుగు ర్యాంకైన 16వ సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడిపోయాడు. కోచ్‌లకు మిలియన్లు ఇచ్చేది మార్చిలో గెలవడానికే.

హాఫ్_కోర్ట్: ఒక్క రాత్రి ఓడితే ఇంటికి పంపే టోర్నమెంట్‌తో మనిషి పనితనాన్ని తేల్చడం అన్యాయమండి. వర్జీనియా మాజీ కోచ్ టోనీ బెనెట్‌నే తీసుకోండి. 2018లో చిన్న జట్టు యూఎంబీసీ చేతిలో 74-54తో ఓడినప్పుడు, మార్చికి పనికిరాడని అందరూ ముద్ర వేశారు. మరుసటి ఏడాది అదే ఆట ఆడించి టైటిల్ కొట్టాడు.

ఆ టైటిల్ ఎలా వచ్చిందో చూడండి. పర్డ్యూతో ఆటలో చివరి సెకన్లు, రెండు పాయింట్ల వెనకబాటు. వర్జీనియా ఆటగాడు టై జెరోమ్ ఫ్రీ త్రో మిస్సయ్యింది. అతని జట్టువాడే డియాకిటే వెనక్కి తట్టిన బంతి కోర్టు అవతలి సగంలోకి దొర్లింది. కిహెయ్ క్లార్క్ పరుగెత్తి అందుకుని, అంత దూరం నుంచి తిరిగి డియాకిటేకే విసిరాడు. బజర్ మోగుతుండగా షాట్ పడింది, ఓవర్‌టైమ్‌లో గెలిచారు. తర్వాత సెమీఫైనల్లో ఆబర్న్ మీద 0.6 సెకన్లు ఉండగా కైల్ గై మూడు ఫ్రీ త్రోలు వేస్తే 63-62. అంతకుముందు జెరోమ్ డబుల్ డ్రిబుల్‌కి (బంతిని నేలకు కొట్టడం ఆపి మళ్లీ కొట్టే తప్పు) రిఫరీ విజిల్ వెయ్యనే లేదు. వీటిలో ఒక్కటి అటూ ఇటూ అయినా బెనెట్‌ని ఇప్పటికీ తిడుతూనే ఉండేవారు.

మార్చి_పిచ్చి: బెనెట్ టీమ్ మరీ నెమ్మదిగా ఆడేది. పొసెషన్లు (బంతి చేతికొచ్చే సార్లు) తగ్గేకొద్దీ చిన్న టీమ్‌కి అవకాశం పెరుగుతుంది. ఆ పద్ధతి ఎంచుకున్నది కోచే కదా? పైగా గొంజాగా కాలేజీ సంగతి చూడండి. అప్పట్లో వాళ్ల కాన్ఫరెన్స్‌లో గట్టి పోటీ తక్కువ. 2021 ఫైనల్‌కి 31-0తో వచ్చి బేలర్ చేతిలో 86-70తో ఓడారు. సీజన్ రికార్డులను ఎలా నమ్మాలి?

హాఫ్_కోర్ట్: పొసెషన్ల మాట నిజం, ఒప్పుకుంటాను. కానీ ఫైనల్ దాకా రావడం కూడా మార్చి విజయమే కదా! మార్చిని వదిలెయ్యమనట్లేదు, ఏళ్ల తరబడి చూడమంటున్నాను. మిషిగన్ స్టేట్ కోచ్ టామ్ ఇజ్జో ఎనిమిది సార్లు ఫైనల్ ఫోర్‌కి (చివరి నాలుగు జట్ల దశ) వెళ్లాడు, అది అదృష్టం కాదు. అదే ఇజ్జో 2016లో రెండో సీడ్‌గా వచ్చి మిడిల్ టెనెసీ చేతిలో మొదటి మ్యాచ్‌లోనే ఓడాడు. పెయింటర్ కూడా ఆ ఓటమి తర్వాత ఏడాదే, అదే ఆటగాడు జాక్ ఈడీతో ఫైనల్ ఆడాడు. 2023లో అతన్ని తీసేసి ఉంటే పర్డ్యూకి ఆ ఫైనల్ దక్కేదా?