“రంగు లేకుంటే రంగుతో కొయ్యి”: ఇందులో ఏ రంగు ఏది?

నల్లగొండ నుంచి:
పత్తాలాట కొత్తగా నేర్చుకునేటోళ్లకు చెప్పే మాట ఇది. రెండు రంగులకూ అర్థం ఒకటేనా? పేపర్లల్ల ‘తురుపు ముక్క’ అని రాస్తరు కదా, అది కూడా ఇదేనా?

దేవరకొండ నుంచి:
ఒకటి కాదక్కా. మొదటి రంగు అంటే ముందు వేసినవాళ్లు దింపిన జాతి (ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమనులో ఒకటి). రెండో రంగు అంటే ఆ ఆటకు పెద్దరికం ఇచ్చిన జాతి, అంటే తురుపు. కోట్ పీసు అనే పత్తాలాటలో నలుగురు, ఎదురెదురు కూర్చున్నోళ్లు జత. మొదటి ఐదు పత్తాలు చూసి ఒకరు తురుపు రంగు చెప్తరు, తర్వాత మిగిలినవి పంచుతరు. మనిషికి 13 పత్తాలు, నలుగురూ తలా ఒక పత్తా వేస్తే ఒక పట్టు, మొత్తం 13 పట్లు, 7 పట్టిన జత గెలుస్తది.

ఒక్క పట్టు చూడండి. తురుపు రంగు ఇస్పేటు. మొదటాయన ఆటీను ఎక్క (ఆసు, ఆ జాతిల అన్నిటికన్నా పెద్దది) వేసిండు. రెండో ఆయన దగ్గర ఆటీను లేదు, ఇస్పేటు రెండుతో కోసిండు, అంటే తురుపు వేసి కొట్టిండు. ఎక్క పోయింది! మూడో ఆయన మొదటాయన జతగాడు, ఆయన దగ్గర కూడా ఆటీను లేదు, ఇస్పేటు ఐదుతో మీద కోసిండు. నాలుగో ఆయన చేతిలో ఇస్పేటు రాజు ఉన్నా ఆటీను పది ఉన్నది కాబట్టి పదే వెయ్యాలె. పట్టు మూడో ఆయనది.

వనపర్తి నుంచి:
కొత్తోళ్లు తప్పు చేసేది సరిగ్గా ఆ నాలుగో చోటే. రంగు అనంగనే ఎరుపు, నలుపు అనుకుంటరు. అచ్చు రంగులు రెండే, ఆట రంగులు నాలుగు. ఆటీను, డైమను రెండూ ఎరుపే కాబట్టి చేతిలో పక్కపక్కన పెట్టుకుంటే ఆటీను పది డైమన్ల నడుమ కలిసిపోయి కనబడదు. లేదనుకుని ఇస్పేటు రాజుతో కోస్తరు. మూడు పట్ల తర్వాత ఆ పది బయటపడితే ఆట మొత్తం చెడుతది, ఎందుకంటే నడుమ పడిన పట్లన్నీ ఆ తప్పు మీదనే నడిచినయి. పంచంగనే ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమను వరుసలో సర్దుకోవాలె. నలుపు పక్కన ఎరుపు వస్తే కన్ను మోసపోదు.

లెక్క కూడా అప్పటినుంచే పెట్టాలె. మీ దగ్గర తురుపు రంగు ఐదుంటే బయట ఎనిమిది. మీరు రెండుసార్లు రంగు దింపి ముగ్గురూ రెండుసార్లూ రంగే వేస్తే ఆరు పోయినయి, బయట ఇంకా రెండే.

మిర్యాలగూడ నుంచి:
మాట పుట్టుక గురించి. ఇంగ్లీషు ట్రంప్, పోర్చుగీసు త్రున్ఫో, డచ్చి త్రూఫ్ ఒక కుటుంబం, అన్నిటికీ మూలం విజయం అనే అర్థమున్న లాటిన్ మాట. మన తురుపును తురుఫు అని కూడా అంటరు, అందులో ‘ఫు’ వింటే డచ్చి మాటే గుర్తొస్తది. కళావరు కూడా డచ్చి ‘క్లావర్’తో సరిపోతది, మూడాకుల గడ్డి అని అర్థం. ఆ పత్తా మీది బొమ్మ అదే. 17వ శతాబ్దంలో డచ్చోళ్లు మచిలీపట్నంలో వ్యాపారం చేసిండ్రు.

ఒక్క జాగ్రత్త: ‘తురుపు సవారు’లోని తురుపు వేరు. అది ఇంగ్లీషు ‘ట్రూప్’ నుంచి వచ్చిన గుర్రపుదండు మాట.

నల్లగొండ నుంచి:
అయితే పేపర్ల వాడుక తప్పా?

దేవరకొండ నుంచి:
తప్పనలేం, సగమే పట్టుకున్నది. ఎవరినైనా ఓడించే పెద్ద పత్తా అన్నట్టు రాస్తరు. ఆటలో తురుపు రెండు కూడా తురుపే, వేరే జాతి ఎక్కను కొడతది. కానీ అడిగిన రంగు చేతిలో ఉన్నంతసేపు ఇస్పేటు రాజైనా పనికిరాడు. దాచుకున్నది అనే అర్థం కావాలంటే తురుపు ముక్క సరిగ్గా కుదురుతది. బలం ఒక్కటే చెప్పాలంటే ‘ఎక్క’ అని రాస్తే నయం.