బోటు స్పీడ్ పెంచితే ముక్కు ఎగిరిపడుతోంది, ఇంకా పెంచితే పక్కలకి ఊగుతోంది, రెండూ ఒకటేనా?

అలలగుర్రం:
18 అడుగుల వీ-బాటమ్ ఫైబర్ బోటు, వెనక 150 హెచ్‌పీ ఔట్‌బోర్డ్. గంటకి 40 మైళ్ల దాకా నున్నగా పోతుంది, ఆ పైన మోటర్ ట్రిమ్ (మోటర్ వంపు) కాస్త లేపానో లేదో ముక్కు లేవడం పడడం, లేవడం పడడం, నీళ్లు అద్దంలా ఉన్నా ఇదే గోల. ఓర్చుకుని 55 దాటిస్తే అది ఆగి ఈసారి కుడికీ ఎడమకీ తూలడం మొదలెడుతుంది, స్టీరింగ్‌తో ఆపబోతే ఇంకా ఎక్కువవుతోంది. భయమేసి థ్రాటిల్ టక్కున వదిలేశా. హల్ (బోటు ఒడలు) లోపమా, నా చేతి లోపమా?

చుక్కాని:
రెండూ వేరండీ. మొదటిది పోర్పాయిజింగ్. స్పీడ్‌లో నీటి మీద ఆనేది వెనక కొంచెం భాగమే కదా, ముక్కు లేచేకొద్దీ అదీ తగ్గి లిఫ్ట్ (నీళ్లు పైకి తోసే బలం) వెనక్కి జరుగుతుంది, దాంతో ముక్కు పడుతుంది, పడగానే అడుగు ఎక్కువ తడిసి మళ్లీ పైకి తోస్తుంది. ఇక అలలతో పనిలేదు, దానంతటదే నడుస్తుంది. ట్రిమ్ కొంచెం దించండి, బరువులు ముందుకి జరపండి.

రెండోది చైన్ వాక్ (chine, అంటే బోటు అడుగూ పక్క గోడా కలిసే అంచు). బోటు దాదాపు కీల్ (అడుగు మధ్యలో ఉండే వెన్ను) మీదే నిలబడి పోతుంటుంది, ఒక పక్కకి ఒరిగితే ఆ పక్క లిఫ్ట్ పెరిగి అవతలికి తోస్తుంది, ప్రొపెల్లర్ టార్క్ (తిప్పే బలం) సరేసరి. మీరు చక్రం తిప్పేసరికి బోటు అప్పటికే అవతలికి పోయుంటుంది, అంటే ఊగే ఉయ్యాలని మీరే ఊపుతున్నారన్నమాట. ముందు స్టీరింగ్‌లో ఆట, అంటే మోటర్ కదలకుండా చక్రం ఊరికే తిరిగేది, ఎంతుందో చూడండి. థ్రాటిల్ మాత్రం టక్కున వదలొద్దు, ముక్కు దిగబడి బోటు గిర్రున తిరగొచ్చు, మెల్లగా తగ్గించండి.

తడిచెప్పు:
ట్రిమ్ ట్రిమ్ అంటారు గానీ అడుగు ఎవరూ చూడరు. ట్రైలర్ మీదున్నప్పుడు వెనక ఐదడుగుల్లో పొడుగాటి స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని బద్ద) పెట్టి చూడు బ్రో. బయటికి ఉబ్బి ఉంటే రాకర్, ఎంత ట్రిమ్ దించినా ఎగురుడు పూర్తిగా పోదు. లోపలికి నొక్కుకుపోతే హుక్, అది ముక్కుని కిందకి తొక్కి స్పీడ్ తినేస్తుంది.

అలలగుర్రం:
అడుగు తిన్నగానే ఉందన్నా. కానీ రెండు బ్యాటరీలూ, లంగరూ అన్నీ వెనకే పెట్టుకున్నా, సిగ్గుగా ఉంది 😅 ముందుకి జరిపాక 45 దాకా ఎగరట్లేదు. చక్రం రెండు వేళ్లు తిరిగినా మోటర్ కదలట్లేదు, కేబుల్ మార్చాలి. ఈలోగా ట్రిమ్ ట్యాబులు (బోటు వెనక అంచున కిందకి వంచే పలకలు) దించితే ఊగుడు ఆగుతుందా?

చుక్కాని:
ట్యాబులు ఎగురుడుకి పనికొస్తాయి గానీ 55లో బాగా దించితే ముక్కు నీళ్లలో గుచ్చుకుని బోటు దాని ఇష్టమొచ్చిన వైపు లాగుతుంది. అలాగని ముక్కు మరీ లేపినా కింద గాలి దూరుతుంది, 1967 జనవరి 4న స్పీడ్ రికార్డుల డొనాల్డ్ క్యాంప్‌బెల్ బోటు బ్లూబర్డ్ గంటకి 300 మైళ్లకి పైన వెళ్తూ అలానే లేచి పల్టీ కొట్టింది, ఆయన పోయాడు. మీది ఆ స్పీడ్ కాదులెండి, కానీ కేబుల్ మార్చేదాకా 45 దాటకండి.